అల్యూమినియం ఆర్గాన్ వెల్డింగ్: బీడ్ అందంగా వస్తోంది, లోపలికి మాత్రం దిగడం లేదు

ప్రశ్న: ఆటోనగర్ షెడ్డు, నెల్లూరు

అందరికీ నమస్కారం. నెల్లూరు ఆటోనగర్‌లో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. పదేళ్లుగా ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీల్ పనులు చేస్తున్నాము గానీ అల్యూమినియం చేపట్టి ఇంకా ఏడాది నిండలేదు. రొయ్యల లోడు మోసే ఐస్ బాక్సు వాహనాలకు లోపలి నేల వేయడం ప్రస్తుతం మా చేతిలో ఉన్న పని. 6 మిల్లీమీటర్ల మందం గల 6063 రకం అల్యూమినియం యాంగిల్స్‌తో ఫ్రేము కట్టి, దాని మీద 3 మిల్లీమీటర్ల చెకర్డ్ ప్లేటు పరిచి, అంచుల వెంట మూలను నింపే ఫిల్లెట్ వెల్డు పెడుతున్నాము.

నెల క్రితం అప్పగించిన వాహనం ఒకటి మొన్న తిరిగి వచ్చింది. నేల మూడు చోట్ల ఫ్రేము నుండి విడిపోయింది. వెల్డు పగిలిందని చెప్పలేను, ఊడిపోయిందనడమే సరైన మాట. ఊడిన ముక్కను తిప్పి చూస్తే ప్లేటు వైపు చక్కగా కరిగి కలిసిపోయి ఉంది. యాంగిల్ వైపు ముఖం మాత్రం నున్నగా మెరుస్తోంది. యాంగిల్ తయారయ్యేటప్పుడు దాని మీద పడిన సన్నని పొడుగు గీతలు ఆ ముఖం మీద అచ్చు గుద్దినట్టు దిగి ఉన్నాయి. మూల దగ్గర, రాడ్ లోహానికీ అసలు లోహానికీ మధ్య వెంట్రుక మందాన ఖాళీ కూడా కనిపించింది. పైనుంచి చూస్తే నాణేలు పేర్చినట్టు ఎంతో ముచ్చటగా ఉన్న బీడ్ (వెల్డు గట్టు) అది. దాన్ని ఫోన్లో ఫోటో తీసి పదిమందికి చూపించుకున్నవాణ్ణి నేనే.

మాది 200 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ ఏసీ, డీసీ ఇన్వర్టర్ టిగ్ మెషీన్, అంటే టంగ్‌స్టన్ కొస నుండి ఆర్క్ పుట్టించి రాడ్‌ను చేత్తో అందించే రకం. గాలితో చల్లబడే 17 నంబరు టార్చ్, 2.4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్, 3.2 మిల్లీమీటర్ల 4043 రాడ్ వాడుతున్నాము. కరెంటు 140 ఆంపియర్లు, బ్యాలెన్స్ 50, ఫ్రీక్వెన్సీ 60, ఆర్గాన్ నిమిషానికి 15 లీటర్లు పెడుతున్నాము. కరెంటును కాలితో పెంచి తగ్గించే ఫుట్ పెడల్ లేదు. 140 దాటితే ప్లేటు అంచు కరిగి జారిపోతోంది, తగ్గిస్తే యాంగిల్ అసలు కరగడం లేదు. హీలియం కలిపిన గ్యాస్ తెప్పించాలా, 300 ఆంపియర్ల మెషీన్ కొనాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మిగ్ (రాడ్ బదులు తీగ తానే నడిచే వెల్డింగ్) పనికి తెచ్చిన ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం సిలిండర్ షెడ్డులోనే ఉంది, దాన్నే పెట్టి చూద్దామని మా కుర్రవాడు అంటున్నాడు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: పాత చెయ్యి, ఒంగోలు

తమ్ముడూ, ముందుగా ఆ మిశ్రమం సిలిండర్ జోలికి మీ కుర్రవాణ్ణి పోనివ్వకండి. టిగ్‌లో కార్బన్ డయాక్సైడ్ తగిలిందంటే టంగ్‌స్టన్ నిమిషాల్లో కాలి మొద్దుబారిపోతుంది, అల్యూమినియం మీద నల్లని మసి పేరుకుంటుంది. ఈ పనికి స్వచ్ఛమైన ఆర్గాన్‌నే పెట్టండి.

ఇక అసలు సంగతి. ఊడిన ముఖం మీద యాంగిల్ గీతలు దిగి ఉన్నాయని రాశారు చూడండి, జబ్బు అక్కడే దొరికిపోయింది. ఆ యాంగిల్ ఒక్క క్షణం కూడా కరగలేదు. కరిగిన రాడ్ దాని మీద మైనంలా పరుచుకుని, దాని ఆకారాన్ని ముద్రలా పట్టుకుని గట్టిపడింది. ప్లేటు 3, యాంగిల్ 6 అన్నప్పుడు టార్చ్‌ను రెండింటి మధ్య సరిగ్గా 45 డిగ్రీల్లో పట్టుకుంటే పల్చనిది ముందు కరుగుతుంది, మందమైనది వేడిని తాగేస్తూ చల్లగా ఉండిపోతుంది. కాబట్టి వేడిలో మూడింట రెండు వంతులు యాంగిల్ మీదకు పోయేలా టార్చ్‌ను అటు తిప్పి పట్టండి. ప్లేటు అంచుకు కావలసిన వేడి యాంగిల్ మీది పడిల్ (కరిగిన లోహపు మడుగు) నుండే అందుతుంది.

రెండో విషయం మీ చేతి అలవాటు. ఇనుము నుండి వచ్చిన వారందరూ చేసే పొరపాటే ఇది, నేనూ చేశాను. యాంగిల్, ప్లేటు అంచు విడివిడిగా మెరవగానే రాడ్ అందించేస్తాము. ఆ రాడ్ చుక్క రెండింటి మధ్య వంతెనలా నిలుస్తుంది, మూల దాని కింద ఖాళీగా మిగిలిపోతుంది. మీకు కనిపించిన వెంట్రుక మందం ఖాళీ అదే. ఆర్క్ మొదలుపెట్టాక రాడ్‌ను పక్కన ఉంచి మూలనే చూస్తూ ఉండండి. మొదట రెండు వైపులా రెండు మడుగులు కడతాయి. ఒకటి రెండు క్షణాల తరువాత అవి ఒక్కసారిగా లోపలికి లాగినట్టు మూలలో కలిసిపోయి, పడిల్ ముందు అంచు బాణం ములుకులా కోసుగా తిరుగుతుంది. అది చూశాకనే రాడ్ పెట్టాలి, అదీ పడిల్ ముందు అంచులోనే పెట్టాలి. 3.2 రాడ్ మానేసి 2.4 తీసుకోండి. లావు రాడ్ ముంచిన ప్రతిసారీ పడిల్ చల్లారిపోతుంది.

ఆర్క్ పొడవు టంగ్‌స్టన్ మందం కంటే ఎక్కువ ఉండకూడదు. టార్చ్‌ను నిలువుకు 10, 15 డిగ్రీలకు మించి వెనక్కి వాల్చితే ఆర్క్ మూలలోకి దిగకుండా ముందుకు పాకి రాడ్‌ను కరిగిస్తూ ఉంటుంది. అలా కరిగిన రాడ్ చుక్కలు చల్లని లోహం మీద పడతాయి.

యాంగిల్స్‌ను ముందుగా వేడి చేయడం కూడా మంచిదే. మేము పూర్వం ఎసిటిలిన్ మంటతో లోహం మీద పల్చగా మసి పట్టించి, ఆక్సిజన్ పెంచిన మంటతో ఆ మసి కాలిపోయేదాకా వేడి చేసి వెల్డు పెట్టేవాళ్లం. లోపలికి హాయిగా దిగేది.

సమాధానం: వెల్డింగ్ బోధకుడు, కావలి

ఒంగోలు అన్నగారు టార్చ్ గురించీ మూల గురించీ చెప్పిన మాటలన్నీ అక్షరాలా నిజం. మసి పద్ధతి ఒక్కదానితో మాత్రం విభేదించక తప్పడం లేదు. ఆ మసి కాలిపోవాలంటే లోహం ఉష్ణోగ్రత 400 డిగ్రీలు దాటాలి. వంచడానికి వీలుగా అల్యూమినియాన్ని మెత్తబరచే పద్ధతి అది, వెల్డుకు ముందు వేడి చేసే పద్ధతి కాదు. 6063 వంటి మిశ్రమలోహాల బలం వేడి చికిత్స వల్ల వచ్చినదే కాబట్టి, అంత వేడి చేస్తే యాంగిల్ మొత్తం మెత్తబడిపోతుంది. వెల్డు పక్కన ఒక అంగుళం మేర బలం తగ్గడం ఎలాగూ తప్పదు, ఆ మెత్తదనాన్ని యాంగిల్ నిలువునా మనమే పాకించడం దేనికి? 100 డిగ్రీల దాకా వేడి చేస్తే మీ పనికి చాలు, 120 దాటవద్దు. నీటి చుక్క వేయగానే చుయ్యిమని ఆవిరైపోతే 100 దాటినట్టే. మెరిసే అల్యూమినియం మీద తుపాకీలా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ అసలు వేడి కంటే చాలా తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్ముకుని మంట పెడుతూ పోయి యాంగిల్స్‌ను పాడు చేసుకున్నవారిని చూశాను. వెల్డుకు దూరంగా ఒకచోట నల్ల మార్కర్‌తో రూపాయి బిళ్లంత మచ్చ గీసి అక్కడ కొలవండి.

ఇప్పుడు మీ మెషీన్ అమరికకు వద్దాము. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దాని మీద ఎప్పుడూ ఉండే ఆక్సైడ్ పొర కరగడానికి మాత్రం 2,000 డిగ్రీలు దాటాలి. అందుకే ఏసీ వాడతాము. ఎలక్ట్రోడ్ పాజిటివ్‌గా ఉన్న భాగంలో ఆ పొర చెదిరి శుభ్రమవుతుంది కానీ వేడిలో ఎక్కువ భాగం టంగ్‌స్టన్‌కు పోతుంది. నెగటివ్‌గా ఉన్న భాగంలో ఆ వేడి లోహంలోకి దిగుతుంది. ఈ రెండు భాగాలకూ సమయాన్ని పంచేదే బ్యాలెన్స్. 50 పెట్టారంటే సగం సమయం టంగ్‌స్టన్‌ను కాల్చడానికే ఖర్చు చేస్తున్నారన్నమాట. మీ టంగ్‌స్టన్ కొస ఉబ్బి గోళీలా తయారవుతూ ఉండాలి, ఔనా కాదా? గోళీ కట్టిన కొస నుండి ఆర్క్ వెడల్పుగా విచ్చుకుని అటూ ఇటూ తిరుగుతుంది, మూలలోకి సూటిగా దిగదు. నెగటివ్ వాటా 70 శాతానికి పెంచండి. ఫ్రీక్వెన్సీ 100 లేదా 120 పెడితే ఆర్క్ సన్నబడి, మీరు చూపిన చోటికే వెళ్తుంది.

మరొక మాట. 17 నంబరు టార్చ్ సామర్థ్యం డీసీలోనే 150 ఆంపియర్లు. ఏసీలో అంతకంటే తక్కువ. యాంగిల్ కరిగేలా కరెంటు పెంచి మీరు 180 దగ్గర పని చేయాలంటే గాలితో చల్లబడే 26 నంబరు టార్చ్‌ను విరామాలిస్తూ వాడాలి, లేదా నీటితో చల్లబడేది తీసుకోవాలి. కొత్త మెషీన్ కంటే ముందు ఈ టార్చ్‌కూ ఫుట్ పెడల్‌కూ డబ్బు పెట్టమని నా సలహా. పెడల్ లేకుండా అల్యూమినియం చేయడం పగ్గం లేకుండా బండి తోలడం వంటిది. మొదటి అంగుళం చల్లని లోహంతో పెనుగులాడుతుంది, చివరి అంగుళానికి వచ్చేసరికి ముక్క మొత్తం వేడెక్కి పల్చనివైపు కూలిపోతుంది.

ప్రశ్నించినవారు: ఆటోనగర్ షెడ్డు, నెల్లూరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కొస గోళీలా తయారవుతున్న మాట నిజమే, అల్యూమినియానికి అలాగే ఉండాలని నాకు మొదట నేర్పినవారు చెప్పారు. నిన్న సాయంత్రం బ్యాలెన్స్ 70 పెట్టి ప్రయత్నించాను. పరిస్థితి ఇంకా చెడింది. అర నిమిషంలో టంగ్‌స్టన్ కొస బఠాణీ గింజంత ఉబ్బి, వణుకుతూ, చివరికి చుక్కగా రాలి పడిల్‌లో పడింది. బీడ్ పక్కన రెండు వైపులా వెడల్పుగా తెల్లని పట్టీ వచ్చింది, లోపలికి దిగడం మాత్రం మునుపటికంటే తగ్గింది. నేను ఎక్కడ తప్పు చేశాను?

సమాధానం: వెల్డింగ్ బోధకుడు, కావలి

తప్పు మీది కాదు, నేనే ముందుగా హెచ్చరించి ఉండవలసింది. బ్యాలెన్స్ అంకె అన్ని మెషీన్లలోనూ ఒకే అర్థం ఇవ్వదు. కొన్నిటిలో అది ఎలక్ట్రోడ్ నెగటివ్ వాటా, మరికొన్నిటిలో శుభ్రపరిచే పాజిటివ్ వాటా. మీది రెండో రకం. మీరు 70 పెట్టి టంగ్‌స్టన్‌కు 70 శాతం సమయం శిక్ష వేశారు. ఇప్పుడు 30 పెట్టండి. ఆపైన అంకెను వదిలేసి ఆ తెల్లని పట్టీనే కొలతగా తీసుకోండి. బీడ్‌కు ఇరువైపులా 2, 3 మిల్లీమీటర్ల పట్టీ ఉంటే సరిపోతుంది. పట్టీ పూర్తిగా పోయి పడిల్‌లో నల్లని రేణువులు తేలుతుంటే 2, 3 అంకెలు పెంచండి.

గోళీ కొస పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్లలో స్వచ్ఛమైన టంగ్‌స్టన్ వాడిన కాలం నాటి పాఠం. ఇన్వర్టర్ మీద లాంథనేటెడ్ (లాంథనం ఆక్సైడ్ కలిపిన) టంగ్‌స్టన్ తీసుకుని, పెన్సిల్‌లా చెక్కి, చివరన కొద్దిగా మొద్దు చేసి వాడండి. 1.5 శాతం రకానికి బంగారు రంగు, 2 శాతం రకానికి నీలం రంగు గుర్తు ఉంటుంది. 180 ఆంపియర్ల దగ్గర 3.2 మిల్లీమీటర్లది నిశ్చింత.

సమాధానం: పోర్టు రోడ్డు వెల్డర్, ముత్తుకూరు

ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. మీ మెషీన్‌కు కరెంటు ఎంత దూరం నుండి వస్తోంది? 200 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ మెషీన్ పూర్తి లోడు మీద మెయిన్స్ నుండి సుమారు 25 ఆంపియర్లు లాగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వేసి ఉంటే ఆ వైరులోనే 11 వోల్టులు పోతాయి. మా వైపు చీకటి పడగానే చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు అన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి, వోల్టేజీ 200 కిందికి పడిపోతుంది. ఆ పూట డిస్‌ప్లే మీద 180 అని ఉన్నా పడిల్ మాత్రం 150 దగ్గర ఉన్నట్టు బద్ధకంగా కదులుతుంది. నేను మందం పనులన్నీ ఉదయం పూట పెట్టుకోవడం అలా అలవాటైంది. మీరు చేసిన ప్రయోగం సాయంత్రమే కనుక, ఉదయం ఒకసారి చేసి తేడా చూడండి.

హీలియం గురించి. ఆర్క్ వేడి పెరిగి లోపలికి లోతుగా దిగే మాట వాస్తవం. అయితే అది గాలికంటే ఎంతో తేలిక కాబట్టి ఫ్లో పెంచాలి, సిలిండర్ త్వరగా ఖాళీ అవుతుంది, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. 6 మిల్లీమీటర్ల పనికి ఆర్గాన్‌తోనే సరిపెట్టవచ్చు. 10 దాటిన ప్లేట్లు వస్తే అప్పుడు ఆలోచించండి. నిజానికి అంత మందం పనికి టిగ్ కంటే మిగ్ మేలని నా అభిప్రాయం.

మీ 15 లీటర్లు ఎక్కువ. టార్చ్ మూతికి ఉండే చిన్న కప్పులో నుండి అంత వేగంగా పోతే గ్యాస్ సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది. 10 నుండి 12 చాలు. రోహిణి కార్తె ఎండల్లో మనం ఫ్యాను లేకుండా షెడ్డులో నిలబడలేము, అది నాకు తెలుసు. అయినా ఫ్యాను గాలి టార్చ్ మీదకు కాక మీ వీపు మీదకు వచ్చేలా తిప్పుకోండి.

పడవల పనిలో నేను వాడేది 5083 రకం అల్యూమినియం ప్లేటు. కావలి వారు చెప్పిన 100 డిగ్రీల వేడి దానికి పనికిరాదన్న సంగతి ఇక్కడ చదివే ఇతరుల కోసం రాస్తున్నాను. అందులో మెగ్నీషియం 4 శాతం పైన ఉంటుంది. 65 నుండి 200 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంచితే ఉప్పునీటిలో పగుళ్లు పట్టే గుణం వస్తుంది. దానికి 4043 రాడ్ కూడా వాడకూడదు, 5356 లేదా 5183 వాడాలి. మీ 6063కు 4043 తప్పు కాదు.

ప్రశ్నించినవారు: ఆటోనగర్ షెడ్డు, నెల్లూరు

పది రోజుల తరువాత రాస్తున్నాను. ముత్తుకూరు వారి అనుమానం నిజమైంది. మా షెడ్డులో ఎక్స్‌టెన్షన్ వైరు 40 మీటర్లు ఉంది, అందులో సగం చుట్టగా చుట్టి గోడకు తగిలించి ఉంది. తాకి చూస్తే ఆ చుట్ట గోరువెచ్చగా ఉంది. దాన్ని తీసేసి బోర్డు నుండి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు నేరుగా లాగించాను. 26 నంబరు టార్చ్, ఫుట్ పెడల్, బంగారు రంగు గుర్తున్న 3.2 టంగ్‌స్టన్ తెచ్చాను. ఇప్పుడు 180 ఆంపియర్లు, బ్యాలెన్స్ 30, ఫ్రీక్వెన్సీ 110, ఆర్గాన్ 11 లీటర్లు.

నేరుగా వాహనం మీద చేయకుండా ముందు అవే కొలతల్లో ముక్కలు కోసి పరీక్షించాను. ఒక వైపు మాత్రమే ఆరు అంగుళాల వెల్డు పెట్టి, వైస్‌లో బిగించి, మూల తెరుచుకునేలా ప్లేటును సుత్తితో వెనక్కి వంచాను. పాత అమరికతో చేసిన ముక్క మూడో దెబ్బకే ఊడి వచ్చింది, మళ్లీ అవే గీతలు. కొత్త అమరికతో చేసినది పూర్తిగా వంగి మడతపడే దశకు వచ్చాక వెల్డు పక్కన ప్లేటే చిరిగింది. ఇంకొక ముక్కను అడ్డంగా కోసి, నున్నగా రుద్ది, కాస్టిక్ సోడా నీళ్లలో ఉంచి చూశాను. వెల్డు లోహం వేరే రంగుకు తిరిగి, యాంగిల్‌లోకి ఎంత దిగిందో స్పష్టంగా కనిపించింది. సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంది. ఆ నీళ్ల నుండి బుడగలు బుసబుసా వస్తాయి, అది హైడ్రోజన్ కాబట్టి మంటలకు దూరంగా ఆరుబయట, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని చేశాను. ఎవరైనా చేయదలిస్తే ఆ జాగ్రత్త మరువకండి.

ఒకటి ఒప్పుకోవాలి. ఈ మార్పులన్నిటికంటే రాడ్ అందించడానికి ముందు ఆగడమే నాకు కష్టమైంది. ఆ రెండు క్షణాలూ చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. ఒక పూటంతా రాడ్ లేకుండా వట్టి పడిల్‌ను మూల వెంట నడిపిస్తూ సాధన చేశాను.

ఇప్పుడు చివరి సందేహం. తిరిగి వచ్చిన వాహనంలో ఊడని పాత వెల్డులు ఇంకా నలభై దాకా ఉన్నాయి. వాటి మీద ఎక్కువ కరెంటుతో మరొక పాస్ పెడితే సరిపోతుందా?

సమాధానం: పాత చెయ్యి, ఒంగోలు

సరిపోదు తమ్ముడూ. పాత బీడ్ కింద కరగని ముఖం అలాగే ఉంది, పైన ఎంత పోసినా వేడి ఆ బీడ్‌ను కరిగించడానికే ఖర్చవుతుంది. పైగా ఆ వాహనం నెల రోజులు రొయ్యల నీళ్లు తాగింది. ప్లేటుకూ యాంగిల్‌కూ మధ్య సందులో ఉప్పు, నీచు, తడి చేరి ఉంటాయి. ఆర్క్ పెట్టగానే అవి ఆవిరై పడిల్‌లోకి బుడగలుగా వస్తాయి, బీడ్ నిండా సూది బెజ్జాలు పడతాయి.

పాత బీడ్‌ను మూల దాకా తీసేయండి. మామూలు గ్రైండింగ్ రాయి వాడవద్దు. అల్యూమినియం దాని రంధ్రాల్లో పూడుకుపోయి, వేడెక్కి, రాయి పగిలే ప్రమాదం ఉంది. అల్యూమినియానికి పనికొచ్చే ఫ్లాప్ డిస్క్ గానీ కార్బైడ్ బర్ గానీ వాడండి. తరువాత సందులను మంచినీళ్లతో బాగా కడిగి, ఒక రోజంతా ఎండబెట్టి, ఎసిటోన్‌తో జిడ్డు తుడిచి, అది పూర్తిగా ఆరిపోయాకనే స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్దండి. వరుస తప్పకూడదు, జిడ్డు తుడవకముందే బ్రష్ పెడితే ఆ జిడ్డును లోహంలోకి రుద్దినట్టే. ఆ బ్రష్ ఇనుమును తాకినది కాకూడదు. బ్రష్ పెట్టిన చోటు అదే రోజు వెల్డు చేయండి, రాత్రంతా వదిలేస్తే మీ ఊరి ఉప్పుగాలికి మళ్లీ పొర కడుతుంది.

నలభై వెల్డులకూ కలిపి రెండు రోజుల పని. యజమానికి ముందే చెప్పి వాహనాన్ని ఆపించుకోండి.

ప్రశ్నించినవారు: ఆటోనగర్ షెడ్డు, నెల్లూరు

అలాగే చేస్తాను అన్నగారూ. వాహనం ఆదివారం మధ్యాహ్నం వస్తోంది. సోమవారం కడిగి ఎండబెట్టి, మంగళవారం ఉదయం వోల్టేజీ చూసుకుని మొదలుపెడతాము.